నిద్ర లేచిన నిబంధన

కఠినమైన చట్టంతో పరాయి దేశంలో ఎలాగోలా సర్దుకుపోవచ్చు. ఎప్పుడు అమలవుతుందో తెలియని చట్టమే కొంప ముంచుతుంది

ఏ దేశంలోనైనా రెండు చట్టాలుంటాయి. ఒకటి గెజెట్‌లో అచ్చయ్యేది, రెండోది జనం నోళ్లలో నానేది. మొదటిదాన్ని ఎవరైనా చదువుకోవచ్చు. రెండోదాన్ని ఎవరూ రాసిపెట్టరు. ఏ రోడ్డు మీద ఎంత వేగం దాకా పోలీసు చూసీచూడనట్టు ఊరుకుంటాడు, ఏ కాగితం లేకపోయినా పని జరిగిపోతుంది, ఏ బోర్డును పట్టించుకోనక్కర్లేదు, ఏ బోర్డు దగ్గర మాత్రం బుద్ధిగా ఆగాలి - ఇవన్నీ అక్కడ పుట్టి పెరిగినవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. బతకడానికి వెళ్లినవాడు మాత్రం వాటిని జరిమానాలు కట్టి నేర్చుకోవాలి. కొన్నిసార్లు నేర్చుకునే లోపే విమానం ఎక్కించి పంపేస్తారు.

సెలవులకు ఇంటికొచ్చిన ఎన్నారైలు చెప్పే కబుర్లలో 'అక్కడ రూలంటే రూలే' అన్న మాట తప్పకుండా దొర్లుతుంది. వినేవాళ్లకు అది కాస్త గొప్పలు పోవడంగానే అనిపిస్తుంది. కానీ ఆ మాటలో వాళ్లు మెచ్చుకుంటున్నది కఠినత్వాన్ని కాదు, నిలకడను. నిన్న తప్పయింది ఇవాళా తప్పే కావడం, నాకు పడిన జరిమానాయే పక్కవాడికీ పడటం. పరాయి గడ్డ మీద బంధువులు, పలుకుబడి, స్థానిక భాష ఏవీ లేని మనిషికి ఉండే రక్షణ అదొక్కటే.

జర్మనీ సంగతే చూడండి. అక్కడి నగరాల్లో మెట్రో స్టేషన్లకు సాధారణంగా గేట్లుండవు. టికెట్ లేకుండా నేరుగా వెళ్లి రైలెక్కినా ఆపేవాడుండడు. కానీ మామూలు దుస్తుల్లో ఉన్న తనిఖీ సిబ్బంది ఏదో ఒక రోజు పెట్టెలోకి వస్తారు. టికెట్ లేకపోతే 60 యూరోలు. కొత్తగా వచ్చాను, భాష తెలియదు, మెషీన్ అర్థం కాలేదు లాంటి సంజాయిషీలు చెల్లవు. ఆదివారం ఇంట్లో గోడకు డ్రిల్లింగ్ చేసినా, ఖాళీ గాజు సీసాలు తీసుకెళ్లి చెత్త డబ్బాలో పడేసినా పోలీసు దాకా పోనక్కర్లేదు. పక్కింటి పెద్దావిడే వచ్చి తలుపు తడుతుంది. కాలినడకన రెడ్ సిగ్నల్ దాటితే జరిమానా 5 యూరోలే. అయినా అర్ధరాత్రి ఒక్క కారూ లేని వీధిలో పచ్చ లైటు కోసం నిలబడే మనుషులు అక్కడ కనిపిస్తారు.

మన కుర్రాళ్లకు మొదటి ఆరు నెలలూ ఇది చాదస్తంగా తోస్తుంది. ఆ తర్వాత దాని సుఖం తెలిసొస్తుంది. తప్పు చేస్తే ఎంతవుతుందో హోటల్లో ధరల పట్టికలాగా ముందే తెలుసు. దాన్ని చేయకుండా ఉండటం మన చేతుల్లోనే ఉంది. బతిమాలే పనిలేదు, తెలిసినవాళ్లకు ఫోన్ చేసే పనిలేదు. తప్పుకు ధర ముందే తెలిసిన చోట విదేశీయుడూ స్థానికుడూ ఒకే వరుసలో నిలబడతారు.

సింగపూర్‌నూ ఇలాగే చెప్పుకోవచ్చు. చూయింగ్ గమ్ దిగుమతిని 1992లో నిషేధించిన దేశం అది. 2004లో కొంత సడలించి, వైద్య అవసరాలకు వాడే రకాలను మాత్రం అనుమతించింది. ఆ నిషేధాన్ని చూసి ప్రపంచమంతా నవ్వింది. కానీ సింగపూర్‌లో దిగిన ఏ కూలీకైనా, ఏ ఇంజనీరుకైనా మొదటి రోజే ఆ సంగతి తెలిసిపోతుంది. నిలకడ ఉన్నంత మాత్రాన సమానత్వం కూడా ఉందని కాదు. 2013 డిసెంబర్ 8న లిటిల్ ఇండియాలో ఒక భారతీయ కూలీ బస్సు కింద పడి చనిపోయాక అల్లర్లు జరిగాయి. 2015లో వచ్చిన చట్టం దేశమంతటా రాత్రి పదిన్నర దాటాక బహిరంగ ప్రదేశాల్లో మద్యం తాగకూడదంది. లిటిల్ ఇండియా, గేలాంగ్ ప్రాంతాల్లో మాత్రం వారాంతాల్లో పగలు కూడా కుదరదంది. వలస కూలీలు చేరే చోటే ఆంక్ష ఎక్కువైంది. అది న్యాయమా అని వాదించవచ్చు. అయితే వాదించడానికి ఏం ఉందో కనీసం కాగితం మీద కనిపిస్తుంది.

ఇక్కడే మనవాళ్లు తరచు అనే మాటొకటి ఉంది: 'వాళ్ల రక్తంలోనే క్రమశిక్షణ ఉంది, మనకు లేదు.' ఈ మాటను పరీక్షకు పెట్టే అవకాశం న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి దౌత్యవేత్తల పుణ్యమా అని దొరికింది. 2002 దాకా ఆ నగరంలో దౌత్యవేత్తలు కారు ఎక్కడ ఆపినా జరిమానా వసూలు చేసే మార్గం లేదు, దౌత్య రక్షణ అడ్డొచ్చేది. రేమండ్ ఫిస్మన్, ఎడ్వర్డ్ మిగెల్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఆ రికార్డులు తిరగేశారు. 1997 నవంబర్ నుంచి 2002 ఆఖరు దాకా కట్టని పార్కింగ్ టికెట్లు లక్షన్నరకు పైగా తేలాయి. వాటి విలువ కోటీ 80 లక్షల డాలర్ల పైమాటే. స్వీడన్, నార్వే దౌత్యవేత్తల పేర ఒక్కటీ లేదు. కువైట్ వాళ్లకు తలా ఏడాదికి దాదాపు 250. ఇక్కడిదాకా చూస్తే రక్తం సంగతి నిజమేననిపిస్తుంది.

కానీ కథ అక్కడ ఆగలేదు. మూడు టికెట్ల కన్నా ఎక్కువ బాకీ పడిన కారుకు దౌత్య నంబర్ ప్లేట్ పీకేసే అధికారం 2002 చివర్లో నగరానికి వచ్చింది. కట్టని టికెట్లు 98 శాతం దాకా తగ్గిపోయాయి. అదే ఊరు, అవే దేశాల దౌత్యవేత్తలు, అవే వీధులు. మారింది ఒక్కటే, ఈసారి తప్పు చేస్తే తప్పించుకోలేమన్న నమ్మకం కుదిరింది. శిక్ష ఎంత పెద్దదన్నదాని కన్నా ఎంత ఖాయమన్నదే మనిషిని నిలబెడుతుందని ఇటలీకి చెందిన బెకారియా 1764లోనే తన పుస్తకంలో వాదించాడు. న్యూయార్క్ పోలీసులు రెండున్నర శతాబ్దాల తర్వాత దాన్ని నిరూపించారనుకోవచ్చు.

ఖాయంగా అమలయ్యే చట్టంతో ఇబ్బంది లేదు. అసలెప్పుడూ అమలు కాని చట్టంతోనూ పెద్దగా ఇబ్బంది లేదు. ప్రమాదమంతా ఈ రెంటికీ మధ్య ఉన్న మూడో రకంతోనే. ఏళ్ల తరబడి నిద్రపోయి, ఒక రోజు ఉన్నట్టుండి లేచి కూర్చునే నిబంధన అది. అది లేచినప్పుడు స్థానికుడికి ఓ జరిమానాతోనో మందలింపుతోనో సరిపోతుంది. విదేశీయుడికైతే ఉద్యోగం, చదువు, వీసా అన్నీ పోతాయి.

తెలుగువాళ్లకు ఈ పాఠం అమెరికాలో బాగా అనుభవం. అక్కడ హైవే మీద వేగ పరిమితి 65 మైళ్లని బోర్డు ఉంటుంది. బళ్లన్నీ 70, 75 మీద పోతుంటాయి. కొత్తగా వెళ్లినవాడు నాలుగు రోజులు 65 మీదే నడిపి, వెనకవాళ్ల హారన్లు భరించలేక తనూ వరదలో కలిసిపోతాడు. ఎఫ్-1 వీసా మీద ఉన్న విద్యార్థి సెమిస్టర్ నడుస్తుండగా వారానికి 20 గంటలు, అదీ క్యాంపస్‌లోనే పనిచేయాలన్నది నిబంధన. అనుమతి లేకుండా బయట పనిచేయకూడదు. గ్యాస్ స్టేషన్లలో, రెస్టారెంట్లలో నగదు తీసుకుని పనిచేసేవాళ్ల గురించి హైదరాబాద్‌లోని తల్లిదండ్రులకు కూడా తెలుసు. 'అందరూ చేస్తున్నదే' అన్నది అక్కడి రెండో చట్టం. సీనియర్లు జూనియర్లకు అప్పగించే ఆస్తి అదే.

2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మీద ఫెడరల్ అధికారులు దాడి చేసినప్పుడు ఆ ఆస్తి విలువ తేలిపోయింది. వందలాది విద్యార్థులు దిక్కులేనివాళ్లయ్యారు. వాళ్లలో అత్యధికులు మన తెలుగు పిల్లలే. క్లాసులకు హాజరు కాకుండా దూరపు రాష్ట్రాల్లో ఉద్యోగాలు చేసుకునే వీలు కల్పించిన సంస్థ అది. కొందరు విద్యార్థుల కాళ్లకు ఎలక్ట్రానిక్ ట్యాగులు తగిలించి తిప్పారు. సంస్థ నడిపినామెకు తర్వాత 16 ఏళ్లకు పైగా జైలుశిక్ష పడింది. ఎనిమిదేళ్లకు, 2019 జనవరిలో, ఇంకో వింత బయటపడింది. మిషిగన్ రాష్ట్రంలోని యూనివర్సిటీ ఆఫ్ ఫార్మింగ్టన్ అసలు విశ్వవిద్యాలయమే కాదు, ఇమిగ్రేషన్ అధికారులే పన్నిన వల. దొరికినవాళ్లలో మళ్లీ మనవాళ్లే ఎక్కువ. తప్పని తెలిసే చేరారని ప్రభుత్వం అంది, మోసపోయామని విద్యార్థులన్నారు. దొరికితే దొంగలు, దొరక్కపోతే దొరలన్న సామెత తెలుగువాడికి కొత్తగా చెప్పాలా?

2025లో వచ్చింది మరో రకం దెబ్బ. ఆ ఏడాది మార్చి, ఏప్రిల్ నెలల్లో వేలాది విదేశీ విద్యార్థుల సెవిస్ రికార్డులను అమెరికా ప్రభుత్వం హఠాత్తుగా రద్దు చేసింది. పోలీసు డేటాబేస్‌లో పేరు కనిపించడమే చాలామంది చేసిన నేరం. ఎప్పుడో ఆగిన ట్రాఫిక్ కేసు, కోర్టు కొట్టేసిన చిన్న గొడవ లాంటివి కూడా అందులో ఉన్నాయి. అమెరికా ఇమిగ్రేషన్ లాయర్ల సంఘం సేకరించిన 327 కేసుల్లో సగం భారతీయులవే. కోర్టుల్లో వరసగా ఎదురుదెబ్బలు తగలడంతో ఏప్రిల్ 25న రికార్డులు పునరుద్ధరిస్తున్నామని ప్రభుత్వం చెప్పింది. అప్పటికే కొందరు పెట్టె సర్దుకుని వచ్చేశారు. టికెట్ పడిన రోజున స్థానిక పోలీసూ, కోర్టూ దాన్ని చిన్న విషయంగానే చూశాయి. జరిమానా కట్టి మర్చిపొమ్మన్నాయి. కొన్నేళ్ల తర్వాత అదే విషయం వేరే ఆఫీసులో వేరే లెక్కలోకి వచ్చింది.

అదే ఏప్రిల్‌లో 11వ తేదీ నుంచి 1940 నాటి నిబంధన ఒకటి నిద్ర లేచింది. 18 ఏళ్లు దాటిన విదేశీయులు తమ రిజిస్ట్రేషన్ ఆధారాన్ని ఎప్పుడూ వెంట ఉంచుకోవాలన్నది దాని సారాంశం. చట్టం పుస్తకాల్లో దశాబ్దాలుగా ఉంది, అడిగినవాడు మాత్రం దాదాపుగా లేడు. హెచ్-1బీ మీద పదేళ్లుగా ఉంటూ పన్నులు కడుతున్న ఇంజనీరు కూడా ఇప్పుడు కూరగాయలకు వెళ్తూ ఐ-94 కాగితం జేబులో ఉందో లేదో చూసుకుంటున్నాడు. చట్టంలో అక్షరం మారలేదు. దాన్ని పట్టుకున్న చెయ్యి మారింది.

అమెరికాలో మనవాళ్లకు కనీసం లాయర్లు, కోర్టులు ఉన్నాయి. గల్ఫ్‌కు వెళ్లిన కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల కూలీలకు ఆ పాటి ఆసరా కూడా లేదు. అక్కడ నిబంధనల నిద్రా మెలకువా ఇంకా విచిత్రంగా ఉంటాయి. అకామా గడువు దాటితే మనిషి అక్రమ నివాసి అవుతాడు. మన గల్ఫ్ కూలీల భాషలో 'ఖల్లివెల్లి'. యూఏఈలో గడువు మీరితే రోజుకు 50 దిర్హాముల జరిమానా. ఏడాదికి 18,250 దిర్హాములు. నెలకు వెయ్యి, పన్నెండు వందలకు పనిచేసే మనిషి ఏడాది జీతం కన్నా ఎక్కువ. కట్టలేడు, కట్టకుండా దేశం దాటలేడు. కాబట్టి దాక్కుని పనిచేస్తాడు. అలా దాక్కున్నవాడు తక్కువ కూలీకి దొరుకుతాడు కనుక పని ఇచ్చేవాళ్లు ఇస్తూనే ఉంటారు. తనిఖీలు ఎప్పుడో కానీ జరగవు.

ఇలా కొన్నేళ్లు గడిచాక ప్రభుత్వం ఆమ్నెస్టీ ప్రకటిస్తుంది. యూఏఈ 2007లో, 2012-13లో, 2018లో, 2024లో ప్రకటించింది. కువైట్ 2018లో, 2020లో, 2024లో ప్రకటించింది. సౌదీ అరేబియా 2013లో నితాఖత్ పేరిట గడువు పెట్టి, దాన్ని నవంబర్ దాకా పొడిగించి, ఆ తర్వాత వీధుల్లో గాలింపు మొదలుపెట్టింది. క్షమాభిక్ష అందుకుని ఇంటికొచ్చిన కుటుంబాలకు అది నిజంగా వరమే, సందేహం లేదు. కానీ కొన్నేళ్లకోసారి క్షమాభిక్ష పెట్టాల్సి వస్తోందంటే మధ్యలో ఆ నిబంధనను ఎవరూ అమలు చేయలేదనే అర్థం. అమలు చేయకపోవడం వల్ల లాభపడింది తక్కువ కూలీకి మనిషి దొరికిన యజమాని. మూల్యం చెల్లించింది కూలీ.

అంతకన్నా గమనించాల్సింది ఇంకోటుంది. కూలీని కట్టిపడేసే నిబంధన రోజులు లెక్కపెడుతూ మెలకువగానే ఉంటుంది. కూలీని కాపాడాల్సిన నిబంధన మాత్రం గాఢనిద్రలో ఉంటుంది. కార్మికుడి పాస్‌పోర్టును యజమాని దగ్గర పెట్టుకోకూడదని గల్ఫ్ దేశాల్లోనూ నిబంధనలున్నాయి. అయినా కఫీల్ బీరువాలో పాస్‌పోర్టుల కట్టలు ఉంటూనే ఉన్నాయి. కువైట్‌లోని మంగాఫ్‌లో 2024 జూన్ 12 తెల్లవారుజామున కార్మికుల భవనంలో మంటలు రేగాయి. దాదాపు 200 మందిని కుక్కిన భవనం అది. చనిపోయినవాళ్లలో 45 మంది భారతీయులు, వాళ్లలో ముగ్గురు ఆంధ్రప్రదేశ్‌కు చెందినవాళ్లు. ఆ మర్నాటి నుంచి అధికారులు ఇలాంటి భవనాల మీద దాడులు మొదలుపెట్టారు. ఒక్కో గదిలో ఎంతమంది ఉండాలో, మెట్ల దారి ఎలా ఉండాలో చెప్పే రూలు అంతకు ముందు రోజు కూడా ఉంది. దాన్ని నిద్ర లేపడానికి అన్ని ప్రాణాలు కావాల్సి వచ్చింది.

ఇక మన ఇంటి సంగతి. హైదరాబాద్‌కు ఉద్యోగం మీద వచ్చే జర్మన్లు, జపనీయులు, కొరియన్లు అడిగే ప్రశ్నలు వింటే ఇవే విషయాలు అటువైపు నుంచి కనిపిస్తాయి. రాత్రి పది దాటాక రెడ్ సిగ్నల్ దగ్గర ఆగితే వెనక కారువాడు ఎందుకు హారన్ కొడతాడు? రాంగ్ సైడ్‌లో వస్తున్న మోటార్ సైకిల్‌కు మనమెందుకు దారివ్వాలి? వీటికి మన దగ్గర జవాబు లేదు. నిలకడ లేని చోట రూలు పాటించేవాడే అడ్డంకి అవుతాడన్నదే నిజం.

మన దగ్గర కూడా ఆమ్నెస్టీలున్నాయి. పేరు వేరు, అంతే. తెలంగాణలో పేరుకుపోయిన ట్రాఫిక్ చలాన్ల మీద 2022 మార్చిలో ద్విచక్ర వాహనాలకు 75 శాతం తగ్గింపు ఇచ్చారు. 2023 డిసెంబర్‌లో దాన్ని 80 శాతం చేశారు. చలాన్ పడిన వారంలోనే పూర్తిగా కట్టినవాడు వెర్రివాడయ్యాడు, కట్టకుండా కూర్చున్నవాడు తెలివైనవాడయ్యాడు. కేంద్రం 2019 సెప్టెంబర్ 1 నుంచి హెల్మెట్ లేకపోతే జరిమానాను 100 నుంచి 1,000 రూపాయలకు పెంచింది. ఆ నెలలోనే గుజరాత్ లాంటి రాష్ట్రాలు దాన్ని తగ్గించుకున్నాయి. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్లు లక్షా 68 వేల పైచిలుకు. జరిమానా అంకె పెంచడం తేలిక. ప్రతి కూడలిలో, ప్రతి రోజూ, ప్రతి ఒక్కరి దగ్గరా వసూలు చేయడమే కష్టం.

దీనికి ఒక అభ్యంతరం చెబుతారు, అది కొట్టిపారేయదగ్గది కాదు. అన్ని రూళ్లనూ అక్షరాలా అమలు చేస్తే పేదవాడు బతకగలడా? ఫుట్‌పాత్ మీద ఇడ్లీ బండి ఎక్కడికి పోతుంది? చూసీచూడనట్టు పోవడంలో కూడా కాస్త దయ ఉంది కదా? ఉంది. కానీ ఆ దయ ఎవరి చేతిలో ఉందో చూడాలి. కానిస్టేబుల్ చేతిలో ఉన్నంతకాలం దానికి నెలవారీ ధర ఉంటుంది. రాజకీయ నాయకుడు వచ్చే రోజున అది రద్దవుతుంది. వీధి వ్యాపారుల కోసం 2014లో పార్లమెంటు చట్టం చేసింది ఆ దయను కాగితం మీద పెట్టడానికే. గుర్తింపు పత్రం, అమ్ముకునే చోటు వాళ్లకు హక్కుగా ఉండాలన్నది దాని ఉద్దేశం. దాన్ని అమలు చేయడంలో కూడా మన మున్సిపాలిటీలు కునుకు తీస్తున్నాయన్నది వేరే కథ. రూలు పేదవాడిని తొక్కేస్తుంటే మార్చాల్సింది రూలునే. నిద్రపుచ్చితే అది ఎప్పుడు, ఎవరి మీద లేస్తుందో చెప్పలేం. లేచిన ప్రతిసారీ మొదట పట్టుకునేది పలుకుబడి లేనివాడినే.

అమెరికాలో మన విద్యార్థికీ, దుబాయ్‌లో మన కూలీకీ, హైదరాబాద్‌లో కట్టడాల దగ్గర పనిచేసే ఒడిశా, బిహార్ కుర్రాడికీ ఈ విషయంలో తేడా లేదు. ముగ్గురికీ రెండో చట్టం తెలియదు. ఆ చట్టం చెప్పేవాళ్లు మొదటి చట్టం కాటేసినప్పుడు పక్కన ఉండరు. పిల్లల్ని విదేశాలకు పంపే తల్లిదండ్రులు వీసా ఫీజుతో పాటు ఈ సంగతినీ లెక్కలో వేసుకోవడం మంచిది. 'అందరూ ఏం చేస్తున్నారు' అని సీనియర్లను అడగడంతో ఆగకుండా, కాగితం మీద ఏముందో యూనివర్సిటీ విదేశీ విద్యార్థుల ఆఫీసులో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోమని చెప్పాలి. చిన్న ట్రాఫిక్ టికెట్‌కు కూడా కోర్టు ముగింపు కాగితాన్ని జాగ్రత్త చేసుకోమనాలి. గల్ఫ్‌కు వెళ్లేవాడికి అకామా తేదీ, పాస్‌పోర్టు కాపీ రెండూ ఇంట్లో కూడా ఉండాలి.

ఇవన్నీ వ్యక్తులు తీసుకునే జాగ్రత్తలు. ప్రభుత్వాలను అడగాల్సింది వేరే ఉంది. మన పిల్లల మీద పాత నిబంధనలు హఠాత్తుగా లేచినప్పుడు ఢిల్లీ నిరసన తెలపడం సబబే. గది నిండా కూలీలను కుక్కిన భవనాలను ముందే తనిఖీ చేయమని కువైట్‌ను అడగడం ఇంకా సబబు. అయితే ఆ మాట గట్టిగా అనాలంటే, పొరుగు రాష్ట్రాల కూలీలను రేకుల షెడ్లలో కుక్కుతున్న మన బిల్డర్ల మీద మన రూలు కూడా మెలకువగా ఉండాలి. ప్రమాదం జరిగిన మర్నాడు లేచే రూలు ఎక్కడైనా ఒకటే. దాని వల్ల చచ్చినవాడికి ఒరిగేదేమీ లేదు.